సహకార ప్రదర్శనములును, కంపెనీల పోషణమును

పంట పండించుట యొక విద్య. పండిన పంటను నలుగురి కంట బడునట్లు చేసి తగిన వెలకు విక్రయించుట మఱియొక విద్య. మన రైతుసోదరులు మొదటిదానియందు తరతరములుగా ఆరితేరినవారే కాని, రెండవదానియందు నేటికిని వెనుకబడియే యున్నారు. ఈ లోపమును తీర్చుకొనవలెనని కొన్ని గ్రామసంఘములవారు కలిసి హైదరాబాదు నగరమున మాసబ్ ట్యాంకు ప్రాంతమున నొక విక్రయ ప్రదర్శనము జరుప దలచినారు. అందులకగు వ్యయములో కొంత భాగమును పెద్ద కంపెనీలచే పెట్టించుట యెట్లు, పెట్టించుట తగునా తగదా, యని మమ్మడిగియున్నారు. దీనిని గూర్చి మాకు తోచిన నాలుగు మాటలను ఈ సంచికయందు సభ్యుల యెదుట నుంచుచున్నాము.

వారు ఎన్నుకొన్న చోటు మంచిదే. పశుసంవర్ధకశాఖ, మత్స్యశాఖల కార్యాలయములు మాసబ్ ట్యాంకు శాంతినగరమున నున్నవి. ఇనుపఖనిజమును త్రవ్వించు ప్రభుత్వసంస్థయగు ఎన్.ఎం.డి.సి., 1958లో స్థాపితమైనది, తన కేంద్రకార్యాలయమగు ఖనిజభవనమును అచ్చటనే కలిగియున్నది. ఒక ప్రక్క బంజారాహిల్సు గృహస్థులు, మఱియొక ప్రక్క మెహిదీపట్నపు సామాన్య కుటుంబములు. నాంపల్లి స్టేషను దూరము కాదు. రాజేంద్రనగరము వైపునుండి సరకు తెచ్చు బండ్లకు 2009లో తెఱవబడిన పి.వి. నరసింహారావు వంతెనదారి మెహిదీపట్నము వఱకు సుగమము. కొనువారును, పోషింపగల కంపెనీలును నడకదూరమున నున్నచోటు దొరకుట యదృష్టము. అయినను చోటు మంచిదైనంత మాత్రమున సంత సాగదు.

ఈ విషయమున మన సంఘములయందు రెండు పక్షములు కలవు. కంపెనీల సొమ్ము ముట్టుకొన్నచో సహకారధర్మము చెడునని ఒక పక్షమువారు చెప్పుదురు. ఇచ్చువాడు ఇచ్చుచుండగా వలదనుట యేమి తెలివి యని రెండవ పక్షమువారు నవ్వుదురు. మేము ఈ యిరువురితోను ఏకీభవింపజాలము. కంపెనీ సొమ్ము విషము కాదు, ప్రసాదమును కాదు. అది వెల. దేనికి వెల యని తెలిసికొని పుచ్చుకొన్నచో వ్యాపారము. తెలియక పుచ్చుకొన్నచో తాకట్టు.

ఇట్టి కార్యమునకు ఉదాహరణము వెదకుటకు మనము దూరదేశములు పోనక్కఱలేదు. మాసబ్ ట్యాంకునకు చేరువనే, నాంపల్లియందు ఏటేట జరుగు నుమాయిష్ కలదు. 1938వ సంవత్సరమున ఉస్మానియా పట్టభద్రుల సంఘమువారు హైదరాబాదు సంస్థానపు ఆర్థికస్థితిని సర్వే చేయింపదలచి, అందులకు ధనము లేక, దేశీయ పరిశ్రమల ప్రదర్శనము నొకదానిని పబ్లిక్ గార్డెన్సునందు ఏర్పఱచిరి. నాడు సుమారు నూఱు అంగళ్లు. పది దినముల సంబరము. నిజాము మీర్ ఉస్మాన్ అలీఖాను దానిని ప్రారంభించెను. 1946లో అది నేటి నాంపల్లి మైదానమునకు మాఱినది. నేడు రెండువేలకు పైబడిన అంగళ్లతో, సాధారణముగా జనవరి 1వ తేదీ మొదలు ఫిబ్రవరి 15వ తేదీ వఱకు నడచుచు, వచ్చిన యాదాయముతో పెక్కు విద్యాసంస్థలను పోషించుచున్నది.

ఇందు మనము గమనింపవలసినది రాజాదరణము కాదు. రాజు వచ్చి తలుపు తెఱచెను గాని, అంగళ్ల అద్దెయు, ప్రవేశపు టిక్కెట్టును దానిని నిలబెట్టినవి. నిజాముల యేలుబడి పోయినది, నుమాయిష్ నిలిచినది. పోషకుని నీడ తొలగినను ఎండకు తాళగల చెట్టే చెట్టు. మన ప్రదర్శనమును అట్టి వేరు గలదిగా నాటవలెను.

ఇక కంపెనీల సంగతి. కంపెనీలు లాభములో కొంత లోకసేవకు వెచ్చింపవలెనని చట్టము కలదు గదా, దానినుండి మనకిత్తురని పలువురు సభ్యులు తలచుచున్నారు. చట్టమున్నమాట నిజము. 2013వ సంవత్సరపు కంపెనీల చట్టము 135వ సెక్షను ప్రకారము, నికరమైన ఆస్తి 500 కోట్ల రూపాయలు గాని, ఏటి వ్యాపారము 1000 కోట్లు గాని, నికరలాభము 5 కోట్లు గాని, అంతకు మించి గాని గల కంపెనీ, గడచిన మూడేండ్ల సగటు లాభములో నూటికి రెండు వంతున సంఘసేవకు వినియోగింపవలెను. ఇది 2014 ఏప్రిలు 1వ తేదీనుండి అమలులో నున్నది. కాని తన సరకునకు ప్రచారము గోరి కంపెనీ యిచ్చు పోషణపు సొమ్ము ఆ రెండు వంతులలోనికి రాదని నిబంధనములు స్పష్టముగా చెప్పుచున్నవి. కావున ప్రదర్శనపు ద్వారముమీద పేరు వ్రాయించుకొనుటకు ఇచ్చు ధనము సేవాశాఖనుండి రాదు, ప్రచారశాఖనుండి రావలెను. ఆ శాఖవాడు మన కష్టములు విని కన్నీరు పెట్టుటకు కూర్చున్నవాడు కాడు. వేయి రూపాయలిచ్చినచో ఎందఱు తన పేరు చూతురని లెక్కించుటకు కూర్చున్నవాడు.

ఇది తెలిసినంతనే మన నడవడి మాఱవలెను. చేతులు జోడించి "రైతులము, దయచూపుడు" అని వ్రాయు విజ్ఞాపనములు ఆ కార్యాలయములలో దుమ్ము పట్టుటకే. మన యొద్ద వారికి కావలసినదేదో యున్నదని చూపవలెను. అది యేమి? జనము, నమ్మకము, లెక్క. ఈ మూటిని సిద్ధపఱచుటయే సన్నాహము.

మొదటిది జనము. పట్టణవాసి మన మొగము చూచుటకు రాడు. అంగడిలో దొరకనిదాని కొఱకు వచ్చును. తాండూరు కందిపప్పునకు 2022లోను, వరంగల్లు చపాటా మిరపకు 2025లోను భౌగోళిక గుర్తింపు లభించినది. ఏ పొలమున పండినదో, ఎవరు పండించిరో, ఏనాడు మరపట్టిరో సంచిమీద వ్రాసి, అట్టి సరకును పండించిన రైతే నిలబడి అమ్మినచో గృహిణులు వెదకుకొని వత్తురు. పది సంఘములవారు పదిచోట్ల ఒకే బియ్యమును పోసికొని కూర్చున్నచో ఎవరును రారు. కాలమును కూడ ఆలోచింపవలెను. నుమాయిష్ నడచుచుండగా పోటీకి దిగుట వెఱ్ఱితనము. అది ముగిసిన పిమ్మట, ఫిబ్రవరి చివరి వారమున, క్రొత్త కంది, పసుపు, మిరప చేతికి వచ్చియుండును. బంగినపల్లి మామిడి ముఖ్యమనుకొన్నచో ఏప్రిలు చివర వఱకు ఆగవలెను.

రెండవది నమ్మకము. తూకమొక్కటి తగ్గినను, పైన మంచి పప్పు క్రింద పుచ్చు పప్పు పోసినను, మఱుసటి యేడు జనము రారు; జనము రానిచోటికి కంపెనీయు రాదు. కావున ప్రతి సంఘమును సరకు నమూనాను ముందుగా పంపవలెను. ఒక పరీక్షకసంఘము దానిని చూచి యొప్పుకొన్న తరువాతనే అంగడి నీయవలెను. ఇందు బంధుత్వమునకు, పార్టీకి చోటుండరాదు.

మూడవది లెక్క. ఇది మన సంఘములకు చేదుమందు. గత సంవత్సరము ఎందఱు వచ్చిరని యడిగినచో "చాలమంది" యందుము. ఎంత అమ్మితిరన్న "బాగుగనే పోయినది" యందుము. ఈ మాటలకు ఎవడు రూపాయి యిచ్చును? ద్వారమువద్ద చీటి నిచ్చి వచ్చినవారిని లెక్కింపవలెను. సాయంకాలమున ప్రతి అంగడిలోను అమ్మిన తూకమును, వచ్చిన రొక్కమును పుస్తకమున ఎక్కింపవలెను. మొదటి యేడు లెక్క చిన్నదైనను సిగ్గుపడ నవసరము లేదు. చిన్నదైన నిజము పెద్దదైన బొంకుకంటె ఎక్కువకాలము పనికివచ్చును.

ఈ మూడును కుదిరిన పిమ్మట కంపెనీకి లేఖ వ్రాయవచ్చును. లేఖ ఒక పుటకు మించరాదు. మనమెవరము, సభ్యులెందఱు, ప్రదర్శన మెక్కడ, ఎన్ని దినములు, ఏయే సరకులు, ఎందఱు వత్తురని యంచనా, ఆ యంచనాకు ఆధారమేమి, మనకు కావలసినదెంత, దానికి బదులు మనమిచ్చున దేమి, సంతకము చేయు అధికారము ఎవరిది - ఇంతే. మన దేశమున కంపెనీల లెక్కల సంవత్సరము మార్చి 31తో ముగియును. రాబోవు యేటి ప్రచారవ్యయమును పెక్కు కంపెనీలు ముందుగనే నిర్ణయించుకొనును. ఫిబ్రవరి ప్రదర్శనమునకు జనవరిలో తలుపు తట్టినవానికి "సొమ్మైపోయినది" యను జవాబే మిగులును. విత్తుటకు అదను ఉన్నట్లే అడుగుటకును అదను కలదు.

ఇంతవఱకు వారికి కావలసినది చెప్పితిమి. మనము ఈయరాని దేమియో చెప్పక యీ వ్యాసమును ముగించినచో సభ్యులకు ద్రోహము చేసినవారమగుదుము.

కొన్ని యేండ్ల క్రిందట మేము పాల్గొన్న యొక చిన్న ప్రదర్శనమునకు ఒక పురుగుమందుల వ్యాపారసంస్థవారు పందిళ్లు వేయించి, భోజనములు పెట్టించిరి. కాగితముమీద ఒప్పందము వ్రాసికొనలేదు. ఇంత యుదారులను షరతులడుగుట మర్యాద కాదనుకొంటిమి. మూడవనాడు వారి మనిషి సందర్శకుల పుస్తకమును, మన సభ్యుల పేర్లు, ఫోను నంబర్లు గల చిట్టాను అడిగి తీసికొని నకలు చేసికొనిపోయెను. ఆ యేడు పైరుకాలమంతయు మా రైతులకు వచ్చిన ఫోనులకు లెక్కలేదు. "సంఘమువారే మా మందు కొనుమనిరి" అని ఆ మాటలవారు చెప్పుచుండిరి. వృద్ధుడగు రైతొకడు అక్కఱలేని మందును నాలుగు డబ్బాలు కొని, తరువాత సంఘకార్యాలయమునకు వచ్చి, "మీ మాటమీద కొంటిని" అనెను. మేము తలవంచుకొంటిమి. తప్పు ఆ సంస్థది కొంత. అడుగక యిచ్చిన మాది అంతకంటె ఎక్కువ. పందిరి వెల మేము చెల్లింపలేదు, ఆ ముసలివాడు చెల్లించెను.

కావున మా యభిప్రాయమున ఈ క్రింది హద్దులు తప్పక గీయవలెను. సభ్యుల చిట్టాను ఏ పోషకునికిని ఈయరాదు. 2023లో వ్యక్తుల వివరముల రక్షణకై చట్టమొకటి చేయబడినది. చట్టము లేకున్నను ఇది మన ధర్మమే. మనకు విత్తనము, ఎరువు, మందు అమ్ము కంపెనీల యొద్ద ఏకపోషకత్వము పుచ్చుకొనరాదు. వారు వచ్చినచో నలుగురితోపాటు అంగడి యద్దె యిచ్చి కూర్చుండవచ్చును. బ్యాంకులు, భీమాసంస్థలు, శీతలగిడ్డంగులు, రవాణా, వంటపాత్రలు మొదలగువాని వ్యాపారులను పోషకులుగా కోరుట మేలు. ప్రదర్శనపు పేరు సంఘములదే యుండవలెను; పోషకుని పేరు దాని క్రింద నుండవలెను. ప్రతి యొప్పందమును వ్రాతమూలమున జరిగి, మహాజనసభ యామోదము పొంది, సొమ్ము సంఘపు బ్యాంకు ఖాతాలోనికే రావలెను.

అన్నిటికంటె ముఖ్యమైనది సొమ్ముపాలు. మాటవరుసకు ప్రదర్శనమునకు అయిదు లక్షలగుననుకొందము. అందు సగము, అనగా రెండున్నర లక్షలు, అంగళ్ల అద్దెవలనను సంఘముల వంతులవలనను రావలెను. మిగిలిన సగమును అయిదుగురు పోషకులకు తగ్గకుండ పంచవలెను. ఏ యొక్కరి సొమ్మును ఏబదివేలకు, అనగా మొత్తమున పదవవంతునకు మించరాదు. అప్పుడు ఒకడు కోపగించి పోయినను ఒక గుంజ కదలును గాని పందిరి కూలదు. ఇది మా స్వంత కల్పన కాదు. 1995లో మాంచెస్టరు నగరమున అంతర్జాతీయ సహకార సమితి ప్రకటించిన యేడు సూత్రములలో నాల్గవది, బయటివారి ధనమును తెచ్చుకొన్నను సభ్యుల యధికారము, సంఘపు స్వాతంత్ర్యము చెడని విధముననే తెచ్చుకొనవలెనని చెప్పుచున్నది.

"ఇన్ని షరతులు పెట్టినచో ఏ కంపెనీ వచ్చును?" అని కొందఱు నిరుత్సాహపడవచ్చును. మేమందుము: జనము వచ్చుచోటికి కంపెనీ వచ్చి తీరును. రైతుల సంఘము ఎల్లప్పుడు అడుగుచునే యుండవలెనని విధి వ్రాయలేదు. కర్ణాటక పాలసమాఖ్యవారి నందిని 2024లో జరిగిన టీ-20 ప్రపంచకప్పు పోటీలలో స్కాట్లాండు, ఐర్లాండు జట్లకు పోషకత్వము వహించినది. పల్లెటూళ్లలో లీటరు, రెండు లీటర్లు పాలు పోయు రైతుల సంస్థ సముద్రముల కావలి ఆటగాండ్ర చొక్కాలమీద తన పేరు వ్రాయించెను. అట్టి బలము ఒకనాటిలో రాలేదు; కాని మొదలు ఎక్కడనో పెట్టవలెను గదా.

కడపట ఒక మాట. మాసబ్ ట్యాంకునకు ఆ పేరు కుతుబ్‌షాహీల నాటి హయాత్ బక్షీ బేగమువలన వచ్చినది. జనము ఆమెను మా సాహెబా యని పిలిచెడివారు. ఆమె పేర వెలసిన చెఱువు మా సాహెబా చెఱువు. నేడు అచ్చట చెఱువు లేదు. ఆ నేలమీద పిల్లల యుద్యానవనము కలదు. పేరు మాత్రము బస్సుల పలకలమీద తిరుగుచున్నది. నీరు పోయినను పేరు నిలుచుట చెఱువునకు చెల్లవచ్చును, సహకారసంఘమునకు చెల్లదు. ప్రదర్శనపు పందిరిమీద మన పేరు పెద్దయక్షరములతో నుండి, లోపల అధికారము ఇతరులదైనచో మనదియు నీరులేని చెఱువే. కావున పోషకులను పిలువుడు, గౌరవింపుడు, వారిచ్చిన ప్రతి రూపాయికిని తగిన ఫలము చూపుడు. తూము తాళము మాత్రము మీ మొలనుండనిండు. ఈ సంగతిని రాబోవు మహాజనసభలలో చర్చించి, మీ నిర్ణయములను మాకు వ్రాసి పంపవలెనని సభ్యులను కోరుచున్నాము.