మన పనికి మనమే పేరు పెట్టుకుందాం

ఉద్యోగం కావాలంటే ముందు ప్రొఫైల్ ఆకర్షణీయంగా పెట్టుకోవాలి. ఈ మధ్య ఆడపిల్లలకి ఎవరు సలహా చెప్పినా ఈ మాటతోనే మొదలుపెడుతున్నారు. 1997లో నౌకరీ, 2003లో లింక్‌డిన్ వచ్చాక, దరఖాస్తు రాసి పోస్టులో పంపి జవాబు కోసం ఎదురుచూసే పద్ధతి క్రమంగా వెనకబడింది. ఇప్పుడు మన వివరాలు అక్కడ పెట్టి వుంచితే కంపెనీల తరఫున మనుషుల్ని ఎంపిక చేసే రిక్రూటర్లే వెతుక్కుంటూ వస్తారు. వాళ్ళ కంట పడాలంటే ప్రొఫైల్ బాగుండాలి. వినటానికి ఇందులో తప్పేమీ కనిపించదు. కానీ ‘ఆకర్షణీయంగా వుండటం’ అనే మాట స్త్రీల దగ్గరికొచ్చేసరికి పనితనం దగ్గరే ఎన్నడైనా ఆగిందా?

నేను డిగ్రీ కాలేజీలో కామర్స్ చెప్పి రిటైరయ్యాను. నా దగ్గర చదువుకున్న పిల్లలు, ఇప్పుడు పిల్లల తల్లులైనవాళ్ళు కూడా, ‘ఒకసారి చూడండి మేడమ్’ అంటూ తమ ప్రొఫైళ్ళు పంపుతుంటారు. వాటిలో రెండు సంగతులు నాకు పదే పదే కనిపిస్తాయి. చెప్పనక్కర్లేనివన్నీ చెప్తారు. చెప్పి తీరవలసినవి మాత్రం చెప్పరు.

చెప్పనక్కర్లేనివి ఏమిటి? తండ్రి పేరు, భర్త పేరు, పెళ్ళయిందా లేదా, పిల్లలెందరు, భర్త ఏం చేస్తాడు. కొందరైతే కులం కూడా రాస్తారు. పెళ్ళిళ్ళ పేరయ్యకిచ్చే కాగితానికీ దీనికీ ఎత్తూ రంగూ మాత్రమే తేడా. తప్పు ఆ పిల్లలది కాదు. ఆడపిల్ల అంటే ఫలానా వారి కూతురు, ఫలానా వారి భార్య అని పుట్టినప్పటినుంచీ నేర్పాం. ఆ అలవాటే ఇక్కడికీ వచ్చింది.

ఈ ప్రశ్నలు అడిగే హక్కు ఉద్యోగమిచ్చే వాళ్ళకి వుందా అన్నది పాత తగువే. జీవిత బీమా సంస్థ ఒకప్పుడు ఉద్యోగానికొచ్చే స్త్రీలచేత నింపించిన డిక్లరేషన్‌లో నెలసరి గురించీ, గర్భాల గురించీ ప్రశ్నలుండేవి. ప్రసూతి సెలవు తీసుకున్నాక, ఆ వివరాలు సరిగా ఇవ్వలేదన్న కారణం చూపి నీరా మాథుర్‌ని ఉద్యోగంలోంచి తీసేశారు. 1991లో సుప్రీంకోర్టు ఆమెను తిరిగి తీసుకోమంది. అలాంటి ప్రశ్నలు స్త్రీ గౌరవానికి భంగమనీ, వాటిని తొలగించాలనీ చెప్పింది. నియామకాల్లో స్త్రీ అన్న కారణంతో వివక్ష చూపకూడదని 1976 నాటి సమాన వేతన చట్టమే చెప్పింది. దాని స్థానంలో 2025 నవంబర్ 21న అమల్లోకి వచ్చిన 2019 వేతనాల కోడ్‌లోనూ ఆ నిషేధం వుంది. ఇవన్నీ ఇలా వుండగా, ఎవరూ అడగకుండానే మనంతట మనమే ఆ వివరాలు ఎందుకు రాసివ్వాలి? చెప్పనక్కర్లేనిది చెప్పకపోవటం దాచటం కాదు, అది మన హక్కు. ఇంటి చిరునామా, ఫోను నంబరు కూడా అంతే. ఉద్యోగం పేరుతో రాత్రిపూట పలకరించే మగవాళ్ళ సంగతి ఆ సైట్లలో వున్న స్త్రీలని అడిగితే చెప్తారు. ఉద్యోగమిస్తామని ముందుగా డబ్బు కట్టమనే వాళ్ళ జోలికి అసలు పోవద్దు.

ఇక చెప్పి తీరవలసినవి. ఒకమ్మాయి ఎనిమిదేళ్ళు ఒక చిన్న కంపెనీలో పనిచేసి, ‘అకౌంట్స్ విభాగంలో సహాయం చేశాను’ అని ఒకే ఒక్క వాక్యం రాసింది. సహాయమంటే ఏమిటమ్మా అని అడిగాను. నాలుగు బ్రాంచీల రోజువారీ వసూళ్ళు సరిచూసేది. నెలనెలా జి.ఎస్.టి. రిటర్నులు దాఖలు చేసేది. ఆడిట్‌కి కాగితాలన్నీ సిద్ధం చేసేది. కొత్తగా చేరిన ఇద్దరికి టాలీ నేర్పింది. ఇది సహాయమా? ఆ విభాగాన్ని నడిపిందే ఆమె. పేరు మాత్రం మేనేజరుది. అదే పని చేసిన మగవాడు ‘సహాయం చేశాను’ అని రాయటం నేనింతవరకు చూడలేదు. ఇంట్లో వంటంతా చేసి ‘నాదేముంది’ అనే మన పెంపకమే ఉద్యోగంలోనూ మన చేత అలా రాయిస్తోంది.

ఈ అణకువ వల్ల జరిగే నష్టం నిజమైనది. రిక్రూటరు ప్రొఫైళ్ళన్నీ వరసగా చదవడు. అకౌంటెంట్, టాలీ, జి.ఎస్.టి., విజయవాడ అని మాటలు కొట్టి వెతుకుతాడు. ఆ మాటలు మన ప్రొఫైల్లో లేకపోతే మనం అక్కడ లేనట్టే. పేరు కింద వుండే మొదటి వాక్యంలో చాలామంది ‘ఉద్యోగం కోసం చూస్తున్నాను’ అని రాస్తారు. అవసరం మనకుందని కాదు, మనకేం పని వచ్చో అక్కడ చెప్పాలి. ఏం చేశాం, ఎంత చేశాం, ఎన్నాళ్ళు చేశాం అన్నది అంకెలతో రాయాలి. పనిచేసిన చోట మన పని తెలిసిన వాళ్ళచేత నాలుగు మాటలు రాయించుకోవాలి. పెళ్ళయ్యాక ఇంటిపేరు మార్చుకున్నవాళ్ళు పాత పేరు కూడా కనిపించేలా పెట్టుకోవాలి. లేకపోతే పాత సహోద్యోగులకి మన ఆచూకీయే దొరకదు. చేసినదాన్ని చేశానని చెప్పటం గొప్పలు పోవటం కాదు, లెక్క అప్పజెప్పటం.

అన్నిటికంటే ఎక్కువమంది నన్నడిగే ప్రశ్న మధ్యలో ఖాళీగా వున్న ఏళ్ళ గురించి. ‘ఆ ఐదేళ్ళు ఎలా కప్పిపుచ్చమంటారు?’ అంటారు. ఎందుకు కప్పిపుచ్చాలి? 2024 కాలవినియోగ సర్వే ప్రకారం జీతంలేని ఇంటిపని చేసే స్త్రీలు దానికోసం రోజుకి సగటున 289 నిమిషాలు వెచ్చిస్తే, చేసే పురుషులు 88 నిమిషాలు వెచ్చిస్తున్నారు. ఆ ఐదేళ్ళు ఎక్కడికి పోయాయో ఈ లెక్కలోనే వుంది. లింక్‌డిన్ కూడా 2022లో ఉద్యోగ విరామాన్ని విడిగా నమోదు చేసుకునే వీలు కల్పించింది. ఫలానా ఏడు నుంచి ఫలానా ఏడు వరకు విరామం అని సూటిగా రాస్తే చాలు. కారణం చెప్పాలా వద్దా అన్నది మన ఇష్టం. అయితే ఇంటిపనికి ‘హోమ్ మేనేజర్’, ‘ఫ్యామిలీ సి.ఇ.ఓ.’ అని పదవులు తగిలించమనే సలహా నాకు నచ్చదు. కంపెనీ భాషలోకి మారిస్తేనే ఆ పనికి గౌరవమా? విలువ ఇవ్వవలసింది పనికి, దానికి తగిలించిన ముసుగుకి కాదు.

ఇంతా చేసి, ప్రొఫైల్ ఎంత బాగా రాసినా చదివేవాడి చూపు వంకరగా వుంటే ఏం లాభం? 2022లో లెడ్‌బై ఫౌండేషన్ ఒకే రకం అర్హతలున్న ఇద్దరు కల్పిత స్త్రీల పేర్లతో వెయ్యి ఉద్యోగాలకు దరఖాస్తులు పంపి చూసింది. హిందూ పేరుకి 208 చోట్ల సానుకూలమైన జవాబొచ్చింది. ముస్లిం పేరుకి 103 చోట్లే వచ్చింది. మన దగ్గర ఇంటిపేరు వింటే చాలు కులం పోల్చుకుంటారు. అందుకే ఇంటిపేరు తీసి పొడి అక్షరం పెట్టుకోమని దళిత అమ్మాయిలకి సలహాలిస్తారు. బతకటానికి అలా చేసిన పిల్లని నేను తప్పుపట్టను. తన పేరు తాను దాచుకుంటే తప్ప తిండి దొరకని పరిస్థితిని మాత్రం తప్పుపట్టి తీరాలి. మనిషి కాకుండా యంత్రం ఎంపిక చేస్తే వివక్ష పోతుందనే వాదనా నిలవలేదు. అమెజాన్ కంపెనీ తయారుచేయించిన ఎంపిక ప్రోగ్రాం, ఎక్కువగా మగవాళ్ళు పంపిన పాత దరఖాస్తులనుంచి నేర్చుకుని, ‘మహిళల’ అనే మాట వున్న దరఖాస్తులకి మార్కులు తగ్గించింది. దాన్ని పక్కన పెట్టేశారన్న సంగతి 2018లో బయటపడింది.

కాబట్టి మారవలసింది ఆడపిల్ల రాసే ప్రొఫైల్ ఒక్కటే కాదు. మొదటి వడపోతలో పేరూ ఫోటో కనపడకుండా ప్రొఫైళ్ళు చూడమని కంపెనీలని అడగాలి. పెళ్ళి, పిల్లల వివరాలడిగే గడులు దరఖాస్తుల్లోంచి తీసెయ్యాలి. వడపోత యంత్రం చేస్తే అది దేన్నిబట్టి వడపోస్తుందో చెప్పాలి. డిగ్రీ ఆఖరి సంవత్సరంలో ప్రతి కాలేజీలోనూ ఈ రాత నేర్పాలి, అదీ తెలుగులో వివరించి నేర్పాలి. ఇంటర్వ్యూల్లో స్త్రీలని ఏమేం అడుగుతున్నారో మహిళా సంఘాలు పోగుచేసి బయటపెట్టాలి. ‘పెళ్ళెప్పుడు?’ అన్న ప్రశ్నకి ఒక్కొక్కరం విడివిడిగా సిగ్గుపడి ఊరుకున్నంతకాలం ఆ ప్రశ్న ఆగదు.

ఇవి సాధించేవరకు చేతులు కట్టుకు కూచోమని కాదు. ఈ రోజే మీ ప్రొఫైల్ తెరిచి చూడండి. ‘సహాయం చేశాను’ అన్నచోటల్లా నిజంగా మీరేం చేశారో రాయండి.