శిక్ష ఉపాధ్యాయునికా, ఉద్యోగికా?

బడిపిల్ల పట్ల ఉపాధ్యాయుడు అనుచితంగా ప్రవర్తించినాడన్న ఆరోపణ వెలువడిన మరునాడే పత్రికలో నాలుగు పంక్తుల వార్త వస్తుంది: అతనిని సస్పెండు చేస్తూ జిల్లా విద్యాశాఖాధికారి ఉత్తర్వులిచ్చినారని. ఊరు శాంతిస్తుంది. శిక్ష పడినదని అందరూ అనుకుంటారు. వాస్తవానికి 1991 నాటి సి.సి.ఏ. నియమావళి ప్రకారం సస్పెన్షను శిక్షే కాదు. విచారణ ముగిసేవరకు మనిషిని దూరంగా ఉంచే ఏర్పాటు అది. ఆ కాలానికి జీవనభృతి కూడా చెల్లిస్తారు. శిక్షలు వేరే ఉన్నవి. అభిశంసన, ఇంక్రిమెంట్ల నిలుపుదల, నిర్బంధ పదవీ విరమణ, తొలగింపు, బర్తరఫు. చివరి రెండూ ఒకటేనని ఉపాధ్యాయులలోనే చాలామంది భావిస్తారు. తొలగింపబడినవాడు మరల ప్రభుత్వోద్యోగానికి అనర్హుడు కాడు. బర్తరఫైనవాడు సామాన్యంగా అనర్హుడు.

నా ఆక్షేపణ ఈ శిక్షలు చాలవని కాదు. ఈ నియమావళికి ఉపాధ్యాయుడనే వ్యక్తి తెలియడు. కచేరీలోని గుమాస్తాకు, ఖజానా ఉద్యోగికి, పంతులుకు అదే కొలత. దస్త్రం పోగొట్టినా, పసివాని మనసు విరిచినా ఏలినవారి పట్ల జరిగిన అపచారంగానే చూస్తుంది. విచారణలో ఒకవైపు ప్రభుత్వం, మరొకవైపు ఉద్యోగి. బాలిక కేవలం సాక్షి. ఎనిమిదవ తరగతిలో ఫిర్యాదు చేసిన ఆ పిల్ల, విచారణాధికారి పిలిచేనాటికి పది ముగించి మరొక ఊరిలో ఉంటుంది. ఈలోగా పెద్దమనుషులు రాజీ కుదుర్చుతారు. (సంస్కృతంలో చదువు అన్న అర్థమున్న 'శిక్ష' తెలుగులో దండనకే మిగిలిపోవడం విచిత్రమే.)

2009 విద్యాహక్కు చట్టం ఈ లోటును కొంత పూడ్చవలసింది. దాని 17వ సెక్షను శారీరక దండనను, మానసిక వేధింపును నిషేధించింది. 24వది సమయపాలన మొదలైన విధులు చెప్పింది. 28వది ప్రైవేటు ట్యూషన్లు కూడదన్నది. కానీ తప్పినవారిపై చర్య దగ్గరకు వచ్చేసరికి, వారికి వర్తించే సర్వీసు నిబంధనల ప్రకారమని ఊరుకున్నది. నియామకపత్రమైనా లేకుండా పనిచేసే ప్రైవేటు పాఠశాల పంతులుకు సర్వీసు నిబంధనలెక్కడివి? అక్కడ జరిగేది ఒకటే. యాజమాన్యం రాజీనామా వ్రాయించుకొని పంపివేస్తుంది, బడి పరువు దక్కిందని సంతోషిస్తుంది. వచ్చే జూనులో అతడు పొరుగు పట్టణంలో మరొక తరగతి గదిలో ఉంటాడు. 2012 పోక్సో చట్టం ప్రకారం తన కింది ఉద్యోగి చేసిన లైంగిక నేరాన్ని కప్పిపుచ్చిన సంస్థాధిపతికి ఏడాది వరకు జైలుశిక్ష ఉన్నది. అయినా కప్పిపుచ్చుతూనే ఉన్నారు.

వైద్యుని పేరు మండలి రిజిస్టరులో ఉంటుంది. న్యాయవాది పేరు బార్ కౌన్సిల్ జాబితాలో ఉంటుంది. ఎవరి దగ్గర పనిచేసినా, అపరాధం తేలితే వృత్తినే కోల్పోతారు. ఉపాధ్యాయునికి అటువంటి మండలి లేదు. జాతీయ ఉపాధ్యాయ విద్యామండలి చూసేది అర్హతలను, శిక్షణ కళాశాలలను.

ఈ విషయంలో ఇంగ్లండు పద్ధతి పరిశీలించదగినది. అక్కడ 2018లో ఏర్పడిన ఉపాధ్యాయ నియంత్రణ సంస్థ తీవ్రమైన దుష్ప్రవర్తనను మాత్రమే విచారిస్తుంది. ఆలస్యంగా వచ్చుట, పాఠం సరిగా చెప్పకపోవుట యాజమాన్యానికే విడిచిపెడుతుంది. విచారణ సామాన్యంగా బహిరంగం. నేరం తేలితే మంత్రి పేర నిషేధపు ఉత్తర్వు వెలువడుతుంది. ప్రభుత్వ బడియైనా, ప్రైవేటు బడియైనా అతడు బోధించరాదు. ఉద్యోగమిచ్చే ముందు ఆ జాబితా చూచుకోవచ్చును.

మన దగ్గర ఇటువంటి మాట ఎత్తితే సంఘాలవారు మరొక కొరడా అంటారు. వారి భయం నిరాధారం కాదు. 2022లో ఆంధ్రప్రదేశ్‌లో ముఖ గుర్తింపు హాజరు తెచ్చినప్పుడు ఉపాధ్యాయులు ఎంత కలవరపడినారో చూచినాము. మనకు నియంత్రణ అంటే గడియారమే గుర్తుకు వస్తుంది. తొమ్మిది గంటలకు ఫోనులో ముఖం చూపినవాడు పది గంటలకు పిల్లలను ఏమంటున్నాడో ఏ యంత్రమూ చెప్పదు. పైగా అబద్ధపు ఫిర్యాదులూ ఉన్నవి. స్థానిక నాయకుని మాట వినలేదన్న కోపంతో పెట్టించిన ఫిర్యాదుకు సస్పెన్షను ఒక్కరోజులో వస్తుంది. నిర్దోషి అని తేలడానికి ఏండ్లు పడుతుంది. మూడు నెలలలోగా అభియోగపత్రం ఇవ్వకుంటే సస్పెన్షను పొడిగించరాదని సుప్రీంకోర్టు 2015లోనే చెప్పింది.

అందుకే మండలి కావాలంటున్నాను. అందులో ఉపాధ్యాయులుండాలి, తల్లిదండ్రులుండాలి, న్యాయాధికారిగా పనిచేసినవారొకరుండాలి. పిల్లల సాక్ష్యం మొదటి నెలలోనే, వారు బెదరని చోట నమోదు కావాలి. నిషేధమైనవాని పేరు ప్రకటించినట్లే, నిర్దోషిగా తేలినవాని పేరునూ, అతడు కోరినచో, అంతే పెద్ద అక్షరాలతో ప్రకటించాలి. ప్రైవేటు పాఠశాలలను మినహాయిస్తే మాత్రం ఈ మండలి పెట్టనవసరం లేదు. ఇప్పుడున్న దస్త్రాలే చాలును.