ధాతువు ఎవరిది?

ఈమధ్య మా ఊరి దేవాలయంలో ఒక బాలిక "నానాటి బ్రదుకు" కీర్తనను హృద్యంగా ఆలపించింది. వ్యాఖ్యాత మైకందుకొని, అయిదు వందల ఏళ్ళనాటి రేవతి రాగ మాధుర్యాన్ని విన్నామన్నాడు. అందరితో పాటు నేనూ చప్పట్లు కొట్టాను. ఇంటికి వచ్చాక మనసు స్థిమితపడలేదు. అంత పాతది సాహిత్యమే. ఆ రేవతి బాణీ నెదునూరి కృష్ణమూర్తి గారిది.

తిరుమల రాగిరేకులలో అన్నమయ్య పదాలకు రాగనామాలున్నాయి, స్వరాలు లేవు. ఆనాటి గానపరంపర మనదాకా రాలేదు. రాళ్ళపల్లి అనంతకృష్ణశర్మ గారు సాహిత్యాన్ని పరిష్కరించి, కొన్నింటికి స్వరరచన చేసి దారి వేశారు. ఆ దారిన నడిచిన పెద్దలలో నెదునూరి వారొకరు. 1927లో పిఠాపురం చేరువనున్న కొత్తపల్లిలో జన్మించి, విజయనగరంలో చదివి, శ్రీపాద పినాకపాణి గారి వద్ద విద్యకు సానపెట్టుకున్నారు. 1991లో సంగీత కళానిధి అయ్యారు. నూటెనిమిది అన్నమయ్య కీర్తనలకు బాణీలు కట్టి, "అన్నమయ్య పదసౌరభం"గా స్వరలిపితో అచ్చువేయించారు. 2014లో కన్నుమూశారు.

బాణీ కట్టడమంటే ఏదో ఒక రాగాన్ని తగిలించడం కాదు. భావానికి తగిన రాగాన్ని ఎంచాలి, పదం విరగకుండా తాళంలో ఒదిగించాలి, సంగతి వేసినకొద్దీ అర్థం విచ్చుకోవాలి. ఆపైన స్వరపరచి అచ్చుకివ్వడం, పదిమంది నోళ్ళలో బాణీ చెదిరిపోకుండా కాపాడే సంపాదకత్వం.

మన శాస్త్రం సాహిత్యాన్ని మాతువనీ, సంగీతాన్ని ధాతువనీ అంటుంది. రెండూ కూర్చినవాడు వాగ్గేయకారుడు. కోనసీమ శంకరగుప్తంలో పుట్టిన బాలమురళి గారిని అందుకే అలా పిలుస్తాం. మరి ధాతువు మాత్రమే ఇచ్చినవారిని ఏమని పిలుస్తున్నాం? అసలు పిలవడమే లేదు.

భక్తి సంగీతంలో కర్తృత్వపు లెక్కలేమిటని కొందరు మిత్రులంటారు. నెదునూరి వారి పేరు చెబితే అన్నమయ్యకు వచ్చే లోటేమీ లేదు. చెప్పకపోతే మాత్రం పిల్లలకు చరిత్రను తప్పుగా నేర్పినవారమవుతాం. ఇంకొక నష్టం అంతకన్నా పెద్దది. బాణీలన్నీ ఏనాడో పుట్టాయనుకుంటే, కొత్తగా కట్టాలన్న తలంపు ఎవరికి కలుగుతుంది? వేల పదాలు నేటికీ రాగిరేకుల మీద మాటలుగానే మిగిలి ఉన్నాయి.

మర్నాడు ఆ బాలిక పాటల పుస్తకంలో, అన్నమయ్య పేరు కింద మరొక పేరు రాయించాను. ఇకపై పాడే ముందు రెండు పేర్లూ చెబుతానంది. సభల్లో పెద్దలూ అలా చెప్పాలని నా అభిప్రాయం. మీరేమంటారు?