తెర వెలిగినంత మాత్రాన నిలకడ అనవచ్చునా?

ప్రాసెసరు వేగాన్ని కాస్త పెంచి, విండోస్ తెర వెలగగానే "నిలబడింది" అని సంబరపడే మిత్రులు చాలామందే ఉన్నారు. నన్నడిగితే అది నిలకడకు నిదర్శనం కానేకాదు. శతకం కంఠస్థమైనదో లేదో మొదటి పద్యం ఒక్కటీ అప్పజెప్పించుకొని తేల్చలేము కదా!

పాతదే అయినా లెక్క సులువుగా ఉన్న ఉదాహరణ తీసుకుంటాను. 2006లో వచ్చిన ఇంటెల్ కోర్ 2 డుయో ఈ6300, మదర్‌బోర్డు అందించే 266 మెగాహెర్ట్జ్ క్లాకును ఏడింతలు చేసుకొని 1.86 గిగాహెర్ట్జ్ వేగంతో నడుస్తుంది. క్లాకును 300కు పెంచితే 2.1 అవుతుంది. అంటే ఎనిమిదో వంతు పెంపు. 1998 నాటి సెలెరాన్ 300ఏ ను 450 దాకా ఎక్కించినవారి ముందు ఇది అత్యాశ కాదు. పెంపు స్వల్పం గనుక పరీక్షా స్వల్పంగానే చాలునంటారే, అక్కడే నాకు పేచీ. నిష్పత్తి మార్చకపోతే క్లాకుతోపాటు మెమరీ వేగమూ పెరుగుతుందన్న సంగతి కూడా చాలామంది మరచిపోతారు. మెమ్‌టెస్ట్86 ఉన్నది అందుకే.

పెరిగిన వేగానికి తాళలేక యంత్రం ఆగిపోతే మంచిదే. తెలుస్తుంది, వెనక్కు తగ్గుతాము. ఆగకుండా తప్పు లెక్క కట్టినప్పుడే చిక్కు. తాళపత్ర ప్రతులు తిరగేసినవారికి ఇది తెలిసిన బాధే. ఆకు విరిగితే లోపం కంటికి కనబడుతుంది. లేఖకుడు ఒక అక్షరం మార్చి వ్రాసి, ఆ మార్పుతోనూ గణాలు, యతి సరిపోయాయంటే, ఆ వెనుకటి ప్రతులన్నీ ఆ తప్పునే మోస్తాయి. మనమూ అంతే, చెడిన ఫైలును మరో డిస్కులోనికి భద్రంగా నకలు తీసి దాచుకుంటాము.

కాబట్టి జవాబు ముందే తెలిసిన లెక్క ఇచ్చి చూడాలి. ప్రైమ్95 చేసేది అదే. మెర్సెన్ ప్రధాన సంఖ్యల అన్వేషణకై జార్జ్ వోల్ట్‌మన్ 1996లో ఆరంభించిన ప్రాజెక్టులోని ప్రోగ్రాం ఇది. ఇందులోని టార్చర్ టెస్ట్ మహాసంఖ్యలను గుణింపజేసి, వచ్చిన ఫలితాన్ని తన వద్దనున్న సరైన జవాబుతో పోల్చుతుంది. తేడా వస్తే అక్కడికక్కడే పట్టి ఇస్తుంది. బ్లెండ్ పద్ధతి ఎంచుకుంటే మెమరీకీ పరీక్షే. నిత్యం ఎవరు ఇంత భారం మోపుతారని కొందరి వాదన. వీడియో మార్పిడికి కూర్చుంటే కోర్లన్నీ గంటలకొద్దీ శ్రమించవలసిందే. పన్నెండు గంటలలో ఒక్క దోషం కనిపించినా వేగం తగ్గించవలసినదేనని నా మతం.

వోల్టేజి పెంచి గట్టెక్కించడం నాకు రుచించదు. పదో వంతు వోల్టేజి పెంచితే వేడి ఐదో వంతుకు పైగా పెరుగుతుంది. పైగా మన ఎండలు! పుష్యమాసపు రాత్రి గదిలో 22 డిగ్రీలుండగా 60 వద్ద నిలిచిన చిప్పు, గది 40కి చేరిన వైశాఖ మధ్యాహ్నం ఇంచుమించు 78 తాకుతుంది. శీతకాలపు ఉత్తీర్ణతా పత్రం అప్పుడు చెల్లదు. మేలో మళ్ళీ పరీక్ష పెట్టవలసిందే. మొదలుపెట్టే ముందు మాత్రం పిల్లల ఫొటోలను వేరే డిస్కులోనికి ఎక్కించి, ఆ డిస్కును కంప్యూటరు నుండి విడదీసి బీరువాలో పెట్టండి.