అరువు తెచ్చుకున్న మెలకువ ఆరోగ్యమా?

జహీరాబాద్‌ను ఆనుకొని సాగే జాతీయ రహదారికి రాత్రి అనేది లేదు. పూర్వం 9వ నంబరుగా, నేడు 65వ నంబరుగా పిలువబడుతూ పుణె నుండి హైదరాబాద్ మీదుగా మచిలీపట్నం చేరే ఈ దారిలో తెల్లవార్లూ లారీలు నడుస్తూనే ఉంటాయి. చెరకు కోతల కాలంలో ట్రాక్టర్లు కూడా వాటికి తోడవుతాయి. ఈ దారి ప్రక్కన చాలాకాలంగా వైద్యం చేస్తున్న నాకు, నిద్రను జయించామని చెప్పుకునే డ్రైవర్లు కొత్త కాదు. కాని నిద్రను జయించి ఆరోగ్యంగా ఉన్నవాడు ఒక్కడు కూడా ఇంతవరకు నాకు తారసపడలేదు.

ఒక వేసవి ఉదయం ముప్పై ఏళ్ళ డ్రైవరు ఒకరు నా వద్దకు వచ్చారు. "నిద్ర వస్తలేదు సార్, ఆకలి లేదు. కూసున్నా గుండె దడదడ కొట్టుకుంటున్నది" అన్నారు. నాడి అతి వేగంగా ఉన్నది. నాలుక పిడచకట్టుకొని పోయింది. కనుపాపలు విప్పారి ఉన్నాయి. ఒళ్ళు కాలిపోతున్నది. నేనూ మొదట దోషం గుండెలోనే ఉన్నదనుకొని ప్రశ్నలు వేశాను. చాలాసేపటికి గాని అసలు సంగతి బయటపడలేదు. రెండు రాత్రులుగా ఆయన కాగితంలో చుట్టి ఇచ్చిన "మెలకువ మాత్రలు" వేసుకుంటున్నారు. పైగా "ఇది మూలికలదే సార్, ఏం కాదన్నరు" అని నాకే ధైర్యం చెప్పారు! ఆలస్యం చేయక ఆయనను పెద్దాసుపత్రికి పంపించాను. ఆయన కోలుకున్నారు. నాకు మాత్రం ఆ మాట మరపునకు రాలేదు. ఈ వ్యాసానికి కారణం అదే.

మాత్ర కడుపులో, ఆజ్ఞ మెదడులో

ఉత్తేజక ద్రవ్యాలు కండరాలకు బలాన్నిస్తాయని సామాన్యుల నమ్మకం. ఇది పొరపాటు. అవి ఒక్క చిటికెడు శక్తిని కూడా శరీరానికి చేర్చవు. మెదడులోని కణాలు పరస్పరం పంపుకునే సందేశాలను మాత్రమే అవి మార్చివేస్తాయి.

మనం మేల్కొని ఉన్నంతసేపూ మెదడులో అడినోసిన్ అనే పదార్థం పేరుకుంటూ ఉంటుంది. అది నాడీకణాలపై ఉండే గ్రాహకాలకు అతుక్కొని, "ఇక చాలు, విశ్రమించు" అని సూచిస్తుంది. టీ, కాఫీలలోని కెఫీన్ ఆ గ్రాహకాలను ముందుగానే ఆక్రమిస్తుంది. అలసట పోదు, అలసట కబురు మాత్రమే ఆగిపోతుంది. ఈ గ్రాహకాలలో ఒక రకం పుట్టుకతోనే లేని ఎలుకలకు కెఫీన్ ఇచ్చినా మెలకువ పెరగలేదని 2005లో శాస్త్రజ్ఞులు నిరూపించారు. అనగా మెలకువ కప్పులో లేదు, దానిని అందుకునే కణంలో ఉన్నది. ఒకే టీ ఒకరికి హాయిని, మరొకరికి గుండెదడను కలిగించడానికి ఈ గ్రాహకాలలో వంశపారంపర్యంగా ఉండే తేడాలు కూడా ఒక కారణం.

ఆంఫెటమిన్ జాతి మందుల తీరు ఇంతకన్న తీవ్రమైనది. అవి నాడీకణాల కొనలలోకి చొరబడి, అక్కడ దాచి ఉన్న డోపమిన్, నారడ్రినలిన్‌లను ఒక్కసారిగా బయటకు కుమ్మరింపజేస్తాయి. మెదడు నుండి వెలువడే అత్యవసర ఆజ్ఞలతో గుండె పరుగెత్తుతుంది, రక్తనాళాలు బిగుసుకుంటాయి, ఆకలి అణగిపోతుంది, దేహోష్ణం పెరుగుతుంది. గుండె వద్దనున్న నాడుల కొనలపై కూడా ఈ మందు నేరుగా పనిచేసి అగ్నికి ఆజ్యం పోస్తుంది.

ఈ కథలో నాడీకణాలే కాక మరొక పాత్ర కూడా ఉన్నది. నాడీకణాలను అంటిపెట్టుకొని ఉండే నక్షత్రాకారపు ఆస్ట్రోసైట్ కణాలను చాలాకాలం కేవలం ఆధారపు కణాలుగా భావించారు. ఆ కణాలు సైతం డోపమిన్‌ను గుర్తించి స్పందిస్తాయనీ, వాటిలోని ఆ గ్రాహకాన్ని తొలగిస్తే ఎలుకలలో ఆంఫెటమిన్ పుట్టించే అలజడి తగ్గుతుందనీ మినెసోటా విశ్వవిద్యాలయ పరిశోధకులు 2020లో ప్రకటించారు. మందు ఒక్కటే అయినా, శరీరం దానికి ఎట్లా స్పందించాలో నిర్ణయించేది ఈ కణాల సమూహమే.

ఎండ తోడైతే మరింత ప్రమాదం

1967 జూలై 13న ఫ్రాన్సు దేశంలో జరిగిన సుప్రసిద్ధ సైకిలు పందెంలో టామ్ సింప్సన్ అనే క్రీడాకారుడు మండుటెండలో కొండ ఎక్కుతూ కుప్పకూలి మరణించాడు. ఆయన దేహంలో ఆంఫెటమిన్ ఉన్నట్లు తేలింది. "ఇక ఆగు" అని శరీరం చెప్పే మాట మెదడుకు వినిపించకపోతే ఏమవుతుందో చెప్పడానికి ఇంతకన్న ఉదాహరణ అక్కరలేదు. 2008లో బెల్జియం పరిశోధకులు ఇదే తరగతికి చెందిన మరొక మందును సైకిలు క్రీడాకారులకు ఇచ్చి పరీక్షించారు. 30 డిగ్రీల వేడిలో వారు మరింత వేగంగా తొక్కారు, వారి దేహోష్ణం కూడా పెరిగింది. అయినా తాము ఎక్కువ శ్రమపడినట్లు వారికి తోచలేదు! మన ప్రాంతపు మే నెల ఎండలో, ఇంజను వేడి తగిలే లారీ క్యాబిన్‌లో కూర్చున్న డ్రైవరు సంగతి పాఠకులే ఊహించగలరు.

"మూలికే కదా" అనే మాట

ఇక్కడ మన ఇంటి లోపాన్ని కూడా చెప్పుకోవాలి. మన దేశంలో సోమలతగా వ్యవహరించే ఎఫెడ్రా మొక్క ఉబ్బసానికి ఉపకరించే మాట నిజమే. ఆ జాతి మొక్క నుండి 1885లో జపాన్ శాస్త్రజ్ఞుడు నాగాయి ఎఫెడ్రిన్‌ను వేరుచేశాడు. 1893లో ఆ ఎఫెడ్రిన్ నుండే మెథాంఫెటమిన్‌ను తయారుచేసినదీ ఆయనే. గుండెకు, రక్తపోటుకు కలిగే ప్రమాదాల కారణంగా 2004లో అమెరికా ప్రభుత్వం ఎఫెడ్రిన్ గల ఆహార గుళికలను నిషేధించింది. మూలికలో పుట్టినంత మాత్రాన గుణం మృదువు కాదు. ఆయుర్వేదం పేరుతో, లోపల ఏమున్నదో వ్రాయకుండా "శక్తి గుళికలు" అమ్మేవారు రోగికే కాదు, శాస్త్రానికి కూడా ద్రోహం చేస్తున్నారని నా నిశ్చితాభిప్రాయం.

అసలు మన శాస్త్రం ఏమి చెప్పింది? ఆహారం, నిద్ర, బ్రహ్మచర్యం శరీరాన్ని నిలబెట్టే మూడు ఉపస్తంభాలని చరకుడు చెప్పాడు. ఆపరాని పదమూడు వేగాలలో నిద్రను కూడా చేర్చాడు. తప్పనిసరిగా రాత్రి మేల్కొన్నవాడు, మేల్కొన్న కాలంలో సగం సేపు మరునాటి ఉదయం భోజనానికి ముందే నిద్రించాలని వాగ్భటుడు విధించాడు. జాగరణకు మందును కాక నిద్రనే చికిత్సగా చెప్పిన ఆ దూరదృష్టి గమనించదగినది.

ఏమి చేయాలి?

కనురెప్పలు బరువెక్కితే బండిని సురక్షితమైన చోట నిలిపి 20 నిమిషాలైనా కునుకు తీయాలి. రాత్రి ప్రయాణంలో కడుపు నిండా తినక, జొన్నరొట్టె, పలుచని మజ్జిగ వంటి తేలిక ఆహారం తీసుకోవాలి. నీరు తరచుగా త్రాగాలి. మన జహీరాబాద్ అల్లంతో చేసిన కషాయం గొంతుకు, జీర్ణానికి హితవే గాని, అది నిద్రకు బదులు కాదు. టీ త్రాగదలచినవారు ఒక లెక్క గుర్తుంచుకోవాలి. లోపలికి వెళ్ళిన కెఫీన్‌లో సగం తగ్గడానికి సుమారు 5 గంటలు పడుతుంది. రాత్రి 8 గంటలకు త్రాగిన దానిలో సగం ఒంటిగంటకు కూడా ఒంట్లోనే ఉంటుంది.

మెలకువ మాత్ర వేసుకున్నవారికి ఛాతీ నొప్పి, తీవ్రమైన దడ, ఒళ్ళు కాలిపోవడం, మతి తడబడడం కనిపిస్తే ఇంటి వైద్యంతో కాలయాపన చేయరాదు. వెంటనే 108కి ఫోను చేయాలి. ఏమి మింగారో వైద్యునికి దాచకుండా చెప్పాలి.

అయితే, నిద్రపోవడానికి తీరిక లేనివానికి నిద్రను గురించి నీతులు చెప్పడం కూడా న్యాయం కాదు. 1961 నాటి మోటారు రవాణా కార్మికుల చట్టం రోజుకు 8 గంటల పనినీ, 5 గంటల పని తరువాత కనీసం అరగంట విరామాన్నీ నిర్దేశించింది. ఆ చట్టం వర్తించినా వర్తించకపోయినా, అందులోని న్యాయం ప్రతి లారీ యజమానికీ వర్తిస్తుంది. "తెల్లారేసరికి సరుకు చేరాలి" అని ఒత్తిడి చేసే యజమాని ఆ మాత్రను స్వయంగా డ్రైవరు నోట్లో వేసినట్లే. దారి ప్రక్కన హోటలు నడిపే సోదరులు నాలుగు నులక మంచాలు అదనంగా వేస్తే, అది ఏ గుళికకన్నా గొప్ప ఔషధం.

అలసట శత్రువు కాదు. అది మనలను కాపాడడానికి మెదడు పంపే కబురు. ఆ కబురు తెచ్చినవాని నోరు నొక్కి, క్షేమంగా ఉన్నామనుకోవడం ఎంతటి అవివేకమో విజ్ఞులైన పాఠకులు ఆలోచింతురు గాక.