ఊరు మారినా ఏరు మారలేదు

భీమునిపట్నము ఒడ్డున ఉన్న ఇంటిని విడిచి, లోపలి వైపున ఉన్న తగరపువలసకు కాపురము మార్చుకొన్నాము. ఈ ఊరి పక్కన పారే గోస్తనీ నదే భీమిలి దగ్గర సముద్రములో కలుస్తుంది.

ఇక్కడ ఉప్పుగాలి తక్కువ. కిటికీ చువ్వలు, గడియలు అక్కడివలె త్వరగా తుప్పు పట్టవు. "ఇక తుపానులతో మనకేమి పని?" అని సంతోషించాము. మా అత్తగారు ఊరుకోలేదు. "2014 అక్టోబరు 12, ఆదివారము మరచిపోయారా? హుద్‌హుద్ ఒడ్డునే ఆగిపోయిందా?" అన్నారు.

ఆమె మాట నిజము. ఆనాడు విశాఖ తీరమును తాకిన గాలి వేగము గంటకు సుమారు 180 కిలోమీటర్లు. ఉప్పెన ముప్పు తీరవాసులకే ఎక్కువ గాని, గాలివాన లోపలి ఊళ్లకూ వస్తుంది. పైగా ఎగువన కురిసిన వాన ఏటిలో వరదై దిగివస్తుంది.

అందుచేత ఇల్లు చూచునప్పుడు అద్దె ఒక్కటే కాక, వరద నీరు ఎంతవరకు వచ్చేదో ఇరుగుపొరుగు పెద్దలను అడిగాము. ఏటికి ఆనుకొన్న చౌక ఇంటిని వదలి, అద్దె ఎక్కువైనా మెరక మీది ఇల్లు తీసుకొన్నాము. పైకప్పు రేకుల కొక్కెములు బిగించాము. తుపాను కబురు వినిన రోజున కాగితములు, మందులు, మంచినీళ్లు ముందే సర్దుకొంటున్నాము.

కాని అలల హోరు వినబడక అత్తగారికి మొదట్లో నిద్ర పట్టలేదు. వయసు మళ్లినవారికి ఇల్లు మారుట తేలిక కాదు. అందుకే అప్పుడప్పుడు సాయంత్రము బస్సులో ఆమెను ఒడ్డుకు తీసుకొని వెళ్తున్నాము.

కాపురము మార్చుకొనేవారలారా, సామానుతోపాటు పెద్దల అనుభవమును కూడా వెంట తెచ్చుకొనండి. దూరము కొంతే కాపాడుతుంది.