ఆకుకూర వాడితే ఎవరికి నష్టం?

ఇచ్చోడ సంతలో పొద్దున నవనవలాడే పాలకూర, మెంతికూర, పుంటికూర కట్టలు ఎండ ముదిరేసరికి తలలు వాలుస్తాయి. సాయంత్రానికి ధర సగమవుతుంది. "ఆకుకూర వాడక మానుతుందా?" అని మనం సరిపెట్టుకుంటాం. అది తగదని నా అభిప్రాయం.

ముందు కారణం చూద్దాం. కోసిన ఆకు వెంటనే చనిపోదు. శ్వాసిస్తూనే ఉంటుంది, పత్రరంధ్రాల గుండా నీటిని ఆవిరిగా వదులుతూనే ఉంటుంది. నేలతో సంబంధం తెగింది కనుక పోయిన నీరు తిరిగి రాదు. ఆకుకూర బరువులో సుమారు 90 శాతం నీరే. అందులో కొంత పోయినా కణాలు బిగువు తప్పి ఆకు వడలుతుంది. విటమిన్ 'సి' కూడా తగ్గుతుంది. ఉష్ణోగ్రత 10 డిగ్రీలు పెరిగితే శ్వాసక్రియ వేగం రెండు మూడు రెట్లవుతుంది. మన ఆదిలాబాదు జిల్లాలో మే నెల ఎండ 40 డిగ్రీలు దాటడం మీకు తెలిసిందే.

ఇప్పుడు లెక్క వేయండి. మాటవరుసకు ఒక రైతు 100 కట్టలు తెచ్చింది; కట్ట 10 రూపాయలు. విత్తనం, కూలి, ఆటో కిరాయి కలిపి ఖర్చు 500. అన్నీ అమ్ముడుపోతే మిగులు 500. కాని 40 కట్టలు పూర్తి ధరకు, 40 సగం ధరకు పోయి, 20 పారబోయవలసి వస్తే చేతికి వచ్చేది 600. మిగిలేది 100 మాత్రమే! పత్తిని మంచి ధర వచ్చేదాకా ఇంట్లో ఉంచుకోవచ్చు. ఆకుకూర ఆగదు. కొనేవారికి ఈ సంగతి తెలుసు, అందుకే బేరమాడతారు.

పెద్ద శీతల గిడ్డంగులు మంచివే. కాని గంపెడు కూర అమ్మే రైతుకు అవి అందవు. ఢిల్లీలోని భారత వ్యవసాయ పరిశోధనా సంస్థ 1980లలో కరెంటు అక్కరలేని చల్లని గదిని రూపొందించింది. రెండు ఇటుక గోడలు, మధ్య ఏడున్నర సెంటీమీటర్ల సందులో ఇసుక, పైన గడ్డి మూత. ఇసుకను తడిపితే నీరు ఆవిరవుతూ లోపలి వేడిని తీసుకుపోతుంది. మట్టికుండలో నీరు చల్లబడేది ఈ సూత్రంతోనే. నైజీరియాలో మహమ్మద్ బా అబ్బా అనే ఉపాధ్యాయుడు కుండలో కుండ పెట్టి, మధ్య తడి ఇసుక నింపి, పేద రైతులకు పంచాడు. 2000లో రోలెక్స్ పురస్కారం పొందాడు. వానాకాలంలో గాలి తేమగా ఉంటుంది కనుక ఈ ఉపాయం అంతగా పనిచేయదు. ఎండాకాలంలో మాత్రం బాగా పనికొస్తుంది.

తైబజారు వసూలయ్యే ప్రతి సంతలోనూ నీడ, శుభ్రమైన నీరు, ఇలాంటి ఇటుక గది ఉండాలి. ఇది దయ కాదు, న్యాయం.

మీరూ పరీక్షించి చూడండి. సమాన బరువుగల రెండు కొత్తిమీర కట్టలు తీసుకోండి. ఒకటి ఎండలో, రెండవది నీడలో తడిగుడ్డ చుట్టి ఉంచండి. సాయంత్రం గుడ్డ విప్పి, రెండింటినీ తూచండి. ఆ తేడాను మీ ఊరి పెద్దలకు చూపించండి.